పున్నమి, సరస్సు, పారిస్ రైలు: ఒక బీము దారి తప్పిన కథ

1991లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఒక లెక్క కుదరలేదు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో లెప్ అనే యంత్రం నడుస్తోంది. ఎలక్ట్రాన్లు ఒకవైపు నుంచి, పాజిట్రాన్లు ఎదురువైపు నుంచి బీములుగా, అంటే సన్నని కణ ధారలుగా తిరుగుతూ నాలుగు చోట్ల ఢీకొంటున్నాయి. అయస్కాంతాల్లో పారే కరెంటు నిన్న ఎంతో ఇవాళా అంతే. బీమును తోసే రేడియో ఫ్రీక్వెన్సీ కూడా నిన్నటిదే. అయినా బీము శక్తిని కొలిస్తే నిన్నటి అంకె రావడం లేదు. మొత్తం 45,600 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల్లో (ఎంఈవీ) తేడా కొన్ని ఎంఈవీలు, మహా అయితే పది. అంటే ఐదు వేలింట ఒక వంతు దరిదాపుల్లో.

ఇంత చిన్న తేడాని ఎక్కడైనా పరికరం పొరపాటు కింద జమ కట్టి ముందుకు సాగిపోతారు. వీళ్లు అలా చెయ్యలేకపోయారు. పరికరాన్ని అనుమానించడానికి వీల్లేనంత నమ్మకమైన కొలబద్ద అప్పుడే వాళ్ల చేతికొచ్చింది.

ముందు ఆ కొలబద్ద సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా ఆచూకీలన్నీ దాని వల్లే దొరికాయి. ప్రతి ఎలక్ట్రాన్‌కీ స్పిన్ ఉంటుంది, అంటే అదో బుల్లి అయస్కాంతం. వలయంలో తిరిగే ఎలక్ట్రాన్లు వంపు దగ్గర వెలుగు చిమ్ముతూ పోతాయి. ఆ చిమ్మడంలోనే వాటి స్పిన్‌లు కొద్దికొద్దిగా నిలువు దిక్కుకి సర్దుకుంటాయి. లెప్‌లో ఈ సర్దుబాటుకి గంటలు పట్టేది. అలా సర్దుకున్న స్పిన్‌ను కాస్త పక్కకి వంచితే అది నిలువు అక్షం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. బీము వలయాన్ని ఒకసారి చుట్టి వచ్చేలోగా స్పిన్ ఎన్నిసార్లు తిరుగుతుందన్నది బీము శక్తిని బట్టే ఉంటుంది. శక్తిని 440.65 ఎంఈవీతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. లెప్ నడిచే శక్తి దగ్గర అది దాదాపు 103.5.

ఆ సంఖ్యని పట్టుకోవడానికి బీముకి ఒక చిన్న అయస్కాంతంతో పక్కనుంచి తట్లు ఇస్తారు. తట్ల ఫ్రీక్వెన్సీని మెల్లమెల్లగా మారుస్తూ పోతారు. అది స్పిన్ తిరిగే ఫ్రీక్వెన్సీతో సరిగ్గా కలిసిన క్షణాన, గంటల తరబడి కూడగట్టుకున్న ఆ ఏకదిశ చెదిరిపోతుంది. చెదిరిందని లేజర్ చెబుతుంది. ఆకుపచ్చని లేజర్ కాంతిని బీముకి ఎదురుగా వదిలితే ఎలక్ట్రాన్లకి తగిలి వెనక్కి వచ్చే ఫోటాన్లు, స్పిన్‌లు సర్దుకుని ఉన్నంతకాలం కాస్త పైకో కిందికో వాలి పడతాయి. స్పిన్‌లు చెదిరితే ఆ వాలు పోతుంది. సోవియట్ నగరం నోవోసిబిర్స్క్‌లోని శాస్త్రవేత్తలు చిన్న వలయాల్లో రుజువు చేసిన పద్ధతి ఇది. మనిషి అన్నిటికన్నా కచ్చితంగా కొలవగలిగేది ఫ్రీక్వెన్సీనే. అందుకే ఈ పద్ధతిలో బీము శక్తి 0.2 ఎంఈవీ వరకు తేలిపోతుంది. ఆ క్షణానికి సంబంధించినంత వరకు అది దాదాపు తిరుగులేని సాక్ష్యం.

ఇంత కచ్చితత్వం ఎందుకంటే, లెప్‌ను కట్టిందే జడ్ బోసాన్‌ను తూచడానికి. ఒక రకం రేడియోధార్మికత వెనకుండే బలహీన బలాన్ని మోసే కణాల్లో ఇదొకటి. దాని బరువు ఎంత కచ్చితంగా తెలిస్తే, అప్పటికింకా ఎవరికీ కనబడని టాప్ క్వార్క్ బరువును అంత దగ్గరగా ఊహించవచ్చు. తర్వాత 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో టాప్ దొరికినప్పుడు, లెప్ లెక్కలు చూపించిన చోటే దొరికింది. ఆ లెక్కల్లో పది ఎంఈవీల అనుమానం మిగిలిపోవడం చిన్న లోపం కాదు. కట్టిన యంత్రం తన పని తాను చెయ్యనట్టే.

సరే, మొదట అనుమానితులందరూ ఇంటివాళ్లే. అయస్కాంతాల ఉష్ణోగ్రత మారిందా? కొంత మారింది, దాని లెక్క తెలుసు. విద్యుత్ సరఫరా యూనిట్లు ఊగాయా? లేదు. లెప్ అయస్కాంతాలది కాస్త విచిత్రమైన నిర్మాణం. వాటికి కావలసిన క్షేత్రం చాలా తక్కువ, 0.05 టెస్లా. అందుకని ఇనుప రేకుల మధ్య ఖాళీలు వదిలి సిమెంటు గార నింపారు. ఆ గార పాతబడే కొద్దీ కుంచించుకుని ఇనుముని నొక్కుతుందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. కానీ అలాంటివన్నీ నెలల మీద మెల్లగా ఒకే వైపుకి జరిగే మార్పులు. ఇక్కడ శక్తి ఒక రోజు పెరిగి ఇంకో రోజు తగ్గుతోంది.

ఈ దశలో స్టాన్‌ఫర్డ్‌లోని స్లాక్ ప్రయోగశాలకి చెందిన గెర్‌హార్డ్ ఫిషర్ ఒక ప్రశ్న అడిగాడు: చంద్రుణ్ణి లెక్కలోకి తీసుకున్నారా?

సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే నేలకీ ఉన్నాయి. కాకినాడలోనో భీమిలిలోనో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి నీటి పోటు కళ్ల ముందు కనబడుతుంది. నేల పోటు కనబడదు, ఎందుకంటే మనం, ఇల్లు, వీధి, ఊరు అన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. చంద్రుడు, సూర్యుడు ఒకే వరసలో లాగే పున్నమి, అమావాస్యల్లో జెనీవా ప్రాంతపు నేల సుమారు 25 సెంటీమీటర్లు లేచి దిగుతుంది. రోజుకి రెండుసార్లు. లేచినప్పుడు పక్కలకి కొద్దిగా సాగుతుంది కూడా. ఆ సాగుడు 27 కిలోమీటర్ల వలయంలో ఒక మిల్లీమీటరు.

రెండు కోట్ల అరవై ఆరు లక్షల మిల్లీమీటర్లలో ఒక్క మిల్లీమీటరు బీముని ఏం చేస్తుంది? ఈ కథలో నన్ను కట్టిపడేసిన భాగం ఇదే, కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను. ఎలక్ట్రాన్లు కాంతివేగానికి వెంట్రుకవాసి తక్కువలో పోతాయి. శక్తి ఎంత పెంచినా వేగం ఇక పెరిగేది లేదు. ఒక చుట్టు ఎంతసేపట్లో పూర్తి కావాలో రేడియో ఫ్రీక్వెన్సీ ముందే ఖరారు చేస్తుంది. వేగమూ మారక, కాలమూ మారకపోతే దారి పొడవు మారదు. నేల సాగినప్పుడు అయస్కాంతాలు నేలతో పాటు బయటికి జరుగుతాయి. బీము మాత్రం తన పాత పొడవునే పట్టుకుని ఉంటుంది. అంటే అయస్కాంతాల నడిమధ్య నుంచి కాకుండా కాస్త లోపలి పక్కగా, 0.16 మిల్లీమీటరు తప్పి పోతుంది. బీమును గుదిగుచ్చి ఉంచే క్వాడ్రుపోల్ అయస్కాంతాల్లో నడిమధ్యన క్షేత్రం సున్నా. పక్కకి జరిగిన కొద్దీ క్షేత్రం తగులుతుంది, బీము దారి కొంచెం వేరుగా వంగుతుంది. ఆ కొత్త వంపుకి, పాత పొడవుకి రెండిటికీ సరిపడేలా బీము శక్తి తనంతట తానే తగ్గుతుంది. లెప్ అమరికలో పొడవులో వచ్చిన మార్పు శక్తిలో 5,000 రెట్లకి పైగా పెద్దదై కనబడుతుంది. ఒక మిల్లీమీటరుకి సుమారు తొమ్మిది పది ఎంఈవీలు. ఏ లోటైతే లెక్కలో కుదరడం లేదో, సరిగ్గా అంత.

లెక్క కుదిరినంత మాత్రాన నేరం రుజువు కాదు కదా. 1992 నవంబర్‌లో లెప్‌ను ఒక రోజంతా ఈ పరీక్షకే కేటాయించారు. రోజు ఎంచుకోవడంలోనే ఉంది తెలివి. నవంబర్ 10 పున్నమి, మన పంచాంగంలో కార్తీక పున్నమి. పోటు పెద్దగా ఉండే రోజులు. 11వ తేదీన గంట గంటకీ బీము శక్తి కొలుస్తూ పోయారు. సూర్యచంద్రుల స్థానాల నుంచి నేల పోటు ఎంత ఉండాలో లెక్కగట్టి గీసిన వంపు ఒకపక్క, స్పిన్ చెప్పిన శక్తి బిందువులు ఒకపక్క. బిందువులు వంపు మీదే పడ్డాయి. ఎల్. ఆర్నోడాన్, ఆల్బర్ట్ హాఫ్‌మన్, ఇంకా కొందరు కలిసి ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆ గీత ఇప్పటికీ చూడవచ్చు. రోజులో రెండు గుట్టలు, రెండు లోయలు. ఎత్తులు సమానంగా కూడా లేవు, ఎందుకంటే ఒక రోజులో వచ్చే రెండు పోట్లూ ఒకే ఎత్తులో ఉండవు. ఆ అసమానత కూడా బీములో అచ్చంగా దిగింది. నా దృష్టిలో అసలైన రుజువు ఆ అసమానతే. గుట్టలు కాకతాళీయంగా కలవొచ్చు గాని, వాటి ఎత్తుల తేడాలు కాకతాళీయంగా కలవవు.

చంద్రుణ్ణి పట్టేశాక ఊపిరి పీల్చుకోవలసింది. కానీ 1993లో, పోటు లెక్క తీసేశాక కూడా ఇంకో కదలిక మిగిలింది. ఇది గంటల్లో కాదు, వారాల్లో, నెలల్లో. వలయం చుట్టూ 504 చోట్ల గొట్టం గోడలో చిన్న ఎలక్ట్రోడ్లు ఉండేవి. బీము దాటిపోయినప్పుడు ఎదురెదురు ఎలక్ట్రోడ్లలో పుట్టే సంకేతాల తేడాని బట్టి బీము ఏ పక్కకి జరిగిందో తెలుస్తుంది. ఒక్కో మానిటర్‌ని విడిగా చూస్తే అంత నమ్మలేం. అన్నిటి సగటు తీసుకుంటే మాత్రం వలయం మొత్తం సాగిందా, ముడుచుకుందా అన్నది మైక్రోమీటర్లలో బయటపడుతుంది. అలా చూస్తే ఏడాది పొడవునా చుట్టుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు మారుతోంది. పోటు కన్నా పెద్ద మార్పు ఇది!

ఇక్కడ ఆచూకీ వాతావరణంలో దొరికింది. వానలు ఎక్కువ పడ్డాక నేలలో నీరు చేరి వలయం ఉబ్బుతుంది. పక్కనే జెనీవా సరస్సు, 580 చదరపు కిలోమీటర్ల నీళ్లు. వసంతంలో ఆల్ప్స్ నుంచి కరిగి వచ్చే మంచునీటికి చోటుండాలని ఏటా ముందుగానే దాని మట్టం దించుతారు, తర్వాత మళ్లీ నిండుతుంది. ఆ నీటి బరువు పడితే చుట్టుపక్కల నేల కుంగుతుంది, తీస్తే లేస్తుంది. పున్నమి లెక్కలాగ దీన్ని ముందుగా లెక్కగట్టి చెప్పలేం. వానకి సూత్రం లేదు. అందుకని ఇక్కడ చేసిన పని వేరు: ఊహించడం మానేసి, మానిటర్ల సగటుతో రోజూ కొలుచుకోవడం. పద్ధతిలో వచ్చిన ఈ మార్పు చిన్నదిగా కనిపించవచ్చు గాని, తర్వాతి కథంతా దీని మీదే నడిచింది. కారణం తెలిస్తే ముందుగా సరిచెయ్యవచ్చు. కారణం చేతికి చిక్కనప్పుడు ఫలితాన్ని కొలిచి, వెంటనే సరిచెయ్యాలి. ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే.

మూడో దొంగ వీళ్లందర్లోకీ గడుసువాడు. ఎందుకంటే ఇన్నాళ్లూ కొలబద్దకే దొరక్కుండా తప్పించుకున్నాడు.

స్పిన్ కొలత ఢీకొట్టే వేళల్లో కుదరదు. బీములు గంటల కొద్దీ ఢీకొన్నాక, వాటిని పారేసే ముందు మాత్రమే కొలిచేవారు. ఆ అంకే అంతకు ముందరి గంటలన్నిటికీ వర్తిస్తుందని అనుకునేవారు. అలా అనుకోవడానికి ఆధారం కూడా ఉంది. సొరంగంలోని అయస్కాంతాలతో పాటే అదే కరెంటు పారే నమూనా అయస్కాంతం ఒకటి నేల మీద గదిలో ఉండేది. దాన్ని ఎప్పుడు చూసినా క్షేత్రం స్థిరంగా ఉంది. మరి సొరంగంలోనూ అంతేగా?

1995లో సొరంగంలోనే రెండు అయస్కాంతాల్లో ఎన్‌ఎంఆర్ ప్రోబులు పెట్టారు. అవి క్షేత్రంలో లక్షల్లో ఒక వంతు తేడాని కూడా పట్టేస్తాయి. చూస్తే, గదిలో స్థిరంగా ఉన్న క్షేత్రం సొరంగంలో గంటగంటకీ పెరుగుతోంది. కరెంటు పెంచకుండానే! పెరగడం ఒకటే కాదు, పగలంతా గీత మీద ముళ్లలాగా కుదుపులు. రాత్రి పన్నెండు దాటాక మాత్రం గీత నున్నగా అయిపోతుంది. తెల్లవారుజామున ఐదు ప్రాంతానికి కుదుపులు మళ్లీ మొదలు.

చంద్రుడు అలా చెయ్యడు. సరస్సు అలా చెయ్యదు. రాత్రి పన్నెండుకి పడుకుని ఐదుకి లేచేది ప్రకృతి కాదు, మనిషి. ఈ ఒక్క ఆచూకీతో వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోయింది. అయినా మనుషుల పనులు కూడా ఒకటా రెండా? సెర్న్‌లోని ఇతర యంత్రాలు, ఊరి కరెంటు, ఫ్యాక్టరీలు, లిఫ్టులు, అన్నీ పగటి పూట పనిచేసేవే.

తర్వాతి అడుగు బీము గొట్టం మీద పడింది. శూన్యాన్ని నిలిపే ఆ గొట్టం అల్యూమినియంది, అయస్కాంతాల నోళ్లలోంచి 27 కిలోమీటర్లూ సాగుతుంది. దాని మీద కరెంటు పారుతోందేమో కొలిచారు. పారుతోంది. సుమారు ఒక ఆంపియర్, పెరుగుతూ తగ్గుతూ, అయస్కాంత క్షేత్రంలోని కుదుపులతో అడుగడుగూ కలుస్తూ. నేల మీది గదిలో ఉన్న నమూనా అయస్కాంతం ఎందుకు నిశ్చింతగా ఉందో అప్పుడు అర్థమైంది. దానిలోంచి ఈ గొట్టం పోదు. చిత్తశుద్ధితో సాక్ష్యం చెప్పింది గాని, సంఘటన జరిగిన చోట అది లేదు.

ఇంతకీ ఆ కరెంటు ఎక్కడిది? నేలలో తిరిగే ఇలాంటి దిక్కులేని కరెంట్ల గురించి కరెంటు కంపెనీల్లో, గొట్టాల పనిలో ఉన్నవాళ్లకి పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే తెలుసు. ట్రాములు, రైళ్లు వదిలే డీసీ కరెంటు నేలలోకి జారి, నీళ్ల గొట్టాలని, గ్యాస్ గొట్టాలని తిని పారేస్తుందని వాళ్ల చేతి పుస్తకాల్లోనే ఉంది. భౌతిక శాస్త్రవేత్తలు ఆ పుస్తకాలు చదవరు, అంతే. స్విట్జర్లాండ్ రైళ్లు నడిచేది ఏసీ కరెంటు మీద. కానీ జెనీవా నుంచి ఫ్రాన్స్‌లోని బెల్‌గార్డ్ మీదుగా పారిస్ వెళ్లే దారి మాత్రం అప్పట్లో 1,500 వోల్టుల ఫ్రెంచ్ డీసీ. రైలు పైతీగ నుంచి కరెంటు లాగుతుంది, ఆ కరెంటు పట్టాల మీదుగా సబ్‌స్టేషన్‌కి తిరిగి వెళ్లాలి. పట్టాలు నేలని ఆనుకునే ఉంటాయి కాబట్టి కొంత కరెంటు నేలలోకి జారుతుంది. జారినది తక్కువ అడ్డున్న దారి వెతుక్కుంటుంది. దగ్గర్లో 27 కిలోమీటర్ల అల్యూమినియం గొట్టం కన్నా సులువైన దారి ఏముంటుంది?

1995 నవంబర్‌లో ఒక సాయంత్రం మూడు కొలతలు ఒకేసారి తీశారు. పట్టాల మీద వోల్టేజి ఒకటి, బీము గొట్టం మీద వోల్టేజి ఒకటి, సొరంగంలో అయస్కాంత క్షేత్రం ఒకటి. ఐదు గంటలకి కాస్త ముందు జెనీవా స్టేషన్ నుంచి పారిస్ టీజీవీ రైలు కదిలింది. మూడు గీతల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే చాలు, ఇంక మాటలు అక్కర్లేదు. పట్టాల గీత ఎక్కడ దిగిందో గొట్టం గీత అక్కడే దిగింది, క్షేత్రం గీతలో అక్కడే ముల్లు లేచింది. రైలు మేరాన్ దాటింది, జిమేసా దాటింది. ప్రతి స్టేషన్ ఆనవాలూ నేల కింద అయస్కాంతం రాసిన గీతలో ఉంది. ఎన్రికో బ్రావిన్, మైక్ కొరాట్జినోస్ తదితరులు ఆ కథని ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. రైలు ప్రయాణాన్ని కణ త్వరణ యంత్రం నమోదు చేసిన ఆ బొమ్మని భౌతిక శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఒక్కసారైనా చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కుదుపుల సంగతి తేలింది సరే, క్షేత్రం పెరుగుతూనే ఎందుకు పోతోంది? రైలు వెళ్లిపోయాక పాత విలువకి రావాలి కదా. ఇక్కడ ఇనుము స్వభావం చెప్పుకోవాలి. ఇనుములోని అయస్కాంత మండలాలు ఒక స్థితిలో కుదురుకోవడానికి కొంత మొరాయిస్తాయి. మానికలో బియ్యం పోసి పక్కన తట్టితే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పట్టినట్టు, రైళ్లు ఇచ్చే ప్రతి చిన్న కుదుపుకీ ఇనుము ఇంకొంచెం సర్దుకుని క్షేత్రాన్ని ఇంకొంచెం పెంచుకుంటుంది. తట్టడం ఆగినా సర్దుకున్న గింజలు వెనక్కి రావు. ఒక్కో విడతలో శక్తి ఇలా కొన్ని ఎంఈవీలు పెరిగిపోయేది. శక్తిని చివర్లోనే కొలిచేవారు కాబట్టి, అంతకు ముందు గంటల్లో జరిగిన ఢీకొట్టుళ్లన్నిటికీ ఉన్నదాని కన్నా ఎక్కువ శక్తి అంటగట్టినట్టయింది. 1995 కొలతలే కాదు, 1993, 1994 కొలతలు కూడా మళ్లీ తీసి సరిదిద్దవలసి వచ్చింది. 1996 నుంచి వలయం పొడవునా 16 ఎన్‌ఎంఆర్ ప్రోబులు కాపలా కాశాయి.

చివరికి జడ్ బోసాన్ బరువు 91,187.5 ఎంఈవీ అని తేలింది, అటూ ఇటూ 2.1 తేడాలో. ఆ 2.1లో పెద్ద వాటా బీము శక్తిదే, 1.7. చంద్రుణ్ణి గాని, సరస్సుని గాని, రైలుని గాని ఒక్కదాన్ని వదిలేసినా ఆ అంకె నిలిచేది కాదు. లెప్‌ను 2000 నవంబర్‌లో ఆపేశారు.

ఇక్కడ ఒక మాట. ఈ మూడు చిక్కుల్నీ లెప్‌లో విప్పారు గాని, యంత్రం తనంతట తానుగా వాటిని ఆపలేదు. శక్తి ఎంత మారిందో లెక్క రాసుకుని, పదిహేనేసి నిమిషాలకి ఒక శక్తి విలువని నాలుగు ప్రయోగాలకీ అందించి, కొలతల విశ్లేషణలో సరిదిద్దారు. వాళ్లకి కావలసింది శక్తి ఎంతో తెలియడం. స్థిరంగా ఉండాలన్న పట్టింపు అంతగా లేదు.

అదే సొరంగంలోకి తర్వాత వచ్చిన ఎల్‌హెచ్‌సీ యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. దాని ఒక్కో బీములో దాచిన శక్తి 36 కోట్ల జౌళ్లకి మించుతుంది. దారి తప్పితే అయస్కాంతాలని కాల్చేస్తుంది. బీము చుట్టూ కాపలాగా నిలిచే కొలిమేటర్ల దవడల మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే. అందుకే ఎల్‌హెచ్‌సీలో కక్ష్యను పట్టి ఉంచడానికి యంత్రమే రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. వెయ్యికి పైగా మానిటర్లు సెకనుకి 25 సార్లు బీము ఎక్కడుందో చెబుతాయి. వెయ్యికి పైగా దిద్దుబాటు అయస్కాంతాలు దాన్ని వెనక్కి నెడతాయి. మధ్యలో ఉన్న కంప్యూటర్ పని ఏమిటంటే, ఏ అయస్కాంతాన్ని ఎంత కదిపితే ఏ మానిటర్ దగ్గర ఎంత జరుగుతుందో చెప్పే పెద్ద పట్టికని తలకిందులు చెయ్యడం. సూటిగా తలకిందులు చేస్తే ప్రమాదం. మానిటర్లలోని చిన్నచిన్న తప్పులని నిజమనుకుని అయస్కాంతాలు ఒకదాన్నొకటి ఎదిరిస్తూ పెద్ద పెద్ద తోపులు తోస్తాయి. అందుకని సింగులర్ వాల్యూ డీకంపోజిషన్ అనే గణితంతో, బీముని బాగా కదిలించగల నమూనాలను మాత్రమే ఉంచుకుని, బలహీనమైనవి తీసేస్తారు. ఎంత సరిచెయ్యాలో తెలియడం ఎంత అవసరమో, దేన్ని సరిచెయ్యకూడదో తెలియడమూ అంతే అవసరం. పైగా అతివాహక అయస్కాంతాల్లో కరెంటు గబుక్కున మారదు. కాబట్టి ఈ వ్యవస్థ సెకను లోపు వచ్చే కుదుపుల జోలికి పెద్దగా వెళ్లదు. నిమిషాల్లో, గంటల్లో వచ్చే జరుగుబాట్లని మాత్రం పడనివ్వదు.

లెప్ పాఠం సూటిగా పనికొచ్చింది ఇక్కడే. మానిటర్లన్నిట్లోనూ కనబడే కదలికలోంచి వలయం సాగడం వల్ల వచ్చిన భాగాన్ని విడదీస్తారు. ఆ భాగాన్ని దిద్దుబాటు అయస్కాంతాలకి ఒప్పజెప్పరు, రేడియో ఫ్రీక్వెన్సీకి ఒప్పజెబుతారు. నేల ఒక మిల్లీమీటరు సాగితే 40 కోట్ల హెర్ట్జ్‌లో పదిహేను హెర్ట్జ్ తగ్గిస్తే చాలు, బీము దారి కూడా అంతే సాగి మళ్లీ నడిమధ్యకి వస్తుంది. చంద్రుడు ఎక్కడున్నాడో ఆ వ్యవస్థకి చెప్పనక్కర్లేదు. 2016 నవంబర్‌లో న్యూజిలాండ్‌లోని కైకౌరాలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, భూగోళం అవతలి వైపు నుంచి వచ్చిన అలలు కూడా ఎల్‌హెచ్‌సీ కక్ష్య కొలతల్లో కనబడ్డాయి.

ఇంతటి కాపలాదారు కూడా ఒకసారి మోసపోయాడు. ఎల్‌హెచ్‌సీ తొలి సంవత్సరాల్లో మానిటర్ల సంకేతాలని చదివే ఎలక్ట్రానిక్స్, గది ఉష్ణోగ్రత మారితే అంకె మార్చి చూపేవి. బీము కదలకపోయినా కదిలిందని చెప్పేవి. ఫీడ్‌బ్యాక్ వాటి మాట నమ్మి, సరిగ్గా ఉన్న బీముని పక్కకి జరిపేది. తర్వాత ఆ ఎలక్ట్రానిక్స్‌ని ఉష్ణోగ్రత అదుపులో ఉండే బీరువాల్లో పెట్టి బాగుచేశారు. లెప్‌లో నేల మీది గదిలో ఉన్న నమూనా అయస్కాంతం ఇచ్చిన తప్పు భరోసాకి ఇది తోబుట్టువే. ఫీడ్‌బ్యాక్ తన కొలత కన్నా ఎప్పటికీ మెరుగ్గా ఉండదు.

ఈ యంత్రంలో మన దేశం చెయ్యి కూడా ఉంది. ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాలని మిల్లీమీటరులో పదోవంతు కన్నా సన్నగా సర్ది నిలబెట్టే సుమారు 7,000 జాక్‌లు భారతదేశం నుంచే వెళ్లాయి. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 172.5 మీటర్ల చుట్టుకొలతతో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ నడుస్తోంది. దాన్నుంచి వచ్చే ఎక్స్-కిరణాలతో దేశంలోని శాస్త్రవేత్తలు పదార్థాల లోపలి అమరికని పరీక్షిస్తారు. కిరణం నమూనా మీద ఒకే చోట పడాలంటే బీము మైక్రోమీటర్లలో కదలకుండా ఉండాలి. అక్కడా కక్ష్య ఫీడ్‌బ్యాకే ఆ పని చేస్తుంది.

సెర్న్ ఇప్పుడు అదే జెనీవా ప్రాంతంలో సుమారు 91 కిలోమీటర్ల కొత్త వలయం కట్టాలని ప్రతిపాదిస్తోంది, ఎఫ్‌సీసీ అని. దానిలో జడ్ బోసాన్‌ను లెప్ కన్నా ఇరవై రెట్లు కచ్చితంగా తూచాలని లక్ష్యం. స్పిన్ కొలతని చివర్లో ఒకసారి కాకుండా, ఢీకొట్టని ప్రత్యేక కణ గుచ్ఛాలతో రోజంతా తీస్తూనే ఉంటారు. ఆ వలయంలో నేల పోటు బీము శక్తిని లెప్‌లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఊపుతుంది. కక్ష్యని నిరంతరం కొలిచి సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ లేకుండా ఆ యంత్రం ఒక్క పూట కూడా పనికొచ్చే కొలత ఇవ్వలేదు.